‘నీళ్ళివ్వరా మీరు?’ అన్నది ఎవరు: నేను వైద్యం చేయించుకున్న మానసిక విభాగం గురించి

ఏడు నెలల క్రితం మా ఇంట్లో అందరూ నాకు దెయ్యం పట్టిందనే నమ్మారు. నేనూ నమ్మాను. ఒక పెద్ద ఆస్పత్రిలోని మానసిక వైద్య విభాగంలో పద్నాలుగు సెషన్లు అయ్యాక ఇప్పుడు ఇది రాస్తున్నాను. అక్కడి లోపాలు కూడా చెప్పాలి కాబట్టి ఆస్పత్రి పేరు రాయను. దానికంటే ముందు, దెయ్యాన్ని వదిలిస్తానన్న ఒకాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన గురించీ చెప్తాను. ఇలాంటి కష్టం వచ్చిన ఇంట్లోవాళ్ళు ఒక్కచోటికే వెళ్ళరు, రెండు వైపులా తిరుగుతారు. మేమూ అలాగే తిరిగాం.

అమ్మ పోయిన రెండో నెలలో మొదలైంది. ఎప్పుడూ సాయంత్రాలే. ముందు అరచేతులు చల్లబడేవి, చెవుల్లో హోరు వచ్చేది. ఆ తర్వాతది మా అక్క చెప్పింది. కళ్ళు గట్టిగా మూసుకుని, తల అటూ ఇటూ విసురుతూ, బొంగురు గొంతుతో "నీళ్ళు... నీళ్ళివ్వరా మీరు?" అని అరిచేదాన్నట. ఒక్కోసారి ఇరవై నిమిషాలు, ఒక్కోసారి గంట. ఆ గొంతు నాది కాదు. అమ్మ చివరి రోజుల్లో ఎలా మాట్లాడిందో అలాగే ఉండేదని అక్క, తమ్ముడు ఇద్దరూ అన్నారు.

"నీకేమీ గుర్తుండదా?" అని అందరూ అడిగేవాళ్ళు. ఉండదనే చెప్పాను. అది పూర్తి నిజం కాదు. బావి అడుగున ఉన్నప్పుడు పైన ఎవరో మాట్లాడుకుంటుంటే ఎలా వినిపిస్తుందో, అలా నా అరుపు నాకే వినిపించేది. నా నోటి నుంచే వస్తోందని తెలుసు. ఆపడం మాత్రం నా చేతుల్లో లేదు. ఇది నటన అనేవాళ్ళకీ, ఇది వేరే ఆత్మ అనేవాళ్ళకీ ఈ మధ్య స్థితిని వివరించడం చాలా కష్టం. నాకే మాటలు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది.

మొదట వెళ్ళిన ఆయన గురించి. ఆయన దగ్గర మంచి ఏమీ జరగలేదని చెప్తే అన్యాయం అవుతుంది. మొదటిసారి రెండు గంటలు మాకోసమే కూర్చున్నాడు. ఇంట్లో అందర్నీ నా చుట్టూ కూర్చోబెట్టాడు. అమ్మ పోయాక మా కుటుంబం మొత్తం ఒక్కచోట కూర్చోవడం అదే మొదటిసారి. నీళ్ళు చల్లాడు, "ఎవరు నువ్వు? ఎందుకొచ్చావు?" అని గద్దించాడు. వణికాను, ఏడ్చాను, పడిపోయాను. తర్వాత పదకొండు రోజులు ఏమీ రాలేదు. ఆ పదకొండు రోజులూ ఆయన్ని దేవుడిలా చూశాం.

రెండోసారి వెళ్ళినప్పుడు నా చున్నీతోనే నా చేతులు కట్టేశారు. "ఇది మీ అమ్మ కాదు, అమ్మ గొంతుతో వచ్చిన ఇంకొకటి. నీళ్ళడిగితే ఇవ్వకండి, ఇస్తే బలపడుతుంది" అన్నాడు. ఆ రాత్రంతా నేను నీళ్ళు అడుగుతూనే ఉన్నాను. మొదట్లో ఆ గొంతు అడిగింది. తెల్లవారుజామున అడిగింది మాత్రం నేనే. నాలుక అంగిలికి అంటుకుపోయింది. ఆ తేడా ఎవరికీ తెలియలేదు. పొద్దున్నే తమ్ముడు కట్లు విప్పి నన్ను బయటికి తీసుకొచ్చాడు. మణికట్టు చుట్టూ మచ్చలు పోవడానికి మూడు వారాలు పట్టింది.

ఆస్పత్రిలో మొదటి రోజు కూడా బాగా జరగలేదు. ఓపీలో ఉన్న డాక్టర్ నాలుగు నిమిషాలు చూశారు. అక్క విషయం చెప్పగానే నవ్వి, "ఈ రోజుల్లో కూడా దెయ్యాలేంటమ్మా" అని మాత్రలు రాశారు. ఆ నవ్వు నన్ను చేతులు కట్టేసినదానికంటే తక్కువ బాధపెట్టిందని చెప్పలేను. ఇంటికొచ్చిన రాత్రే మళ్ళీ వచ్చింది, ఆ వారంలో నాలుగుసార్లు వచ్చింది. తమ్ముడు పట్టుబట్టి మళ్ళీ తీసుకెళ్ళకపోతే ఈ రివ్యూ ఉండేది కాదు.

రెండోసారి వేరే సీనియర్ డాక్టర్ చూశారు. ఆవిడ ముందు నన్ను న్యూరాలజీకి పంపారు. రెండు రోజులు అడ్మిషన్, వీడియో ఈఈజీ, అంటే వీడియోతో పాటు మెదడు తరంగాల్ని రికార్డు చేసే పరీక్ష. తలంతా జిగురు పూసి వైర్లు అతికిస్తారు, కెమెరా ఇరవై నాలుగు గంటలూ రికార్డు చేస్తుంది. ఆ జిగురు జుట్టులోంచి పోవడానికి నాలుగుసార్లు తలస్నానం చేయాలి, అది ముందే తెలిస్తే మంచిది. రెండో సాయంత్రం అక్కడే వచ్చింది. వీడియోలో నేను తల విసురుతూ అరుస్తున్నాను, పక్కన కంప్యూటర్‌లో మాత్రం మెదడు తరంగాలు మేలుకుని ఉన్న మనిషివిలాగే ఉన్నాయి. మూర్ఛ వచ్చినప్పుడు ఉన్నట్టుండి ఎగసిపడే గీతలు లేవు. న్యూరాలజిస్టు నాకు ఆ రెండూ పక్కపక్కన చూపించి చెప్పారు: మూర్ఛలో సాధారణంగా కళ్ళు తెరుచుకుని ఉంటాయి, చాలావరకు రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతుంది. కళ్ళు బిగించి మూసుకోవడం, తల పక్కలకి విసరడం, అంతసేపు సాగడం, ఇవన్నీ వేరే రకాన్ని సూచిస్తాయి. వాటిని డిసోసియేటివ్ సీజర్స్ అంటారు. "ఇది నటన కాదు. మీ మెదడు నిజంగానే ఆ పని చేస్తోంది, మీ అనుమతి లేకుండా" అని కూడా అన్నారు. ఆ ఒక్క మాటకి నేను ఆ గదిలోనే ఏడ్చేశాను.

ఎంఆర్ఐ, రక్త పరీక్షలు కూడా చేశారు. ఎందుకని తమ్ముడు అడిగితే, యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టార్ ఎన్‌కెఫలైటిస్ అనే జబ్బు గురించి చెప్పారు. 2007లో జోసెప్ దాల్మావ్ అనే డాక్టర్ బృందం దాన్ని గుర్తించింది. శరీరంలోని రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేస్తుంది. ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్ళకి వస్తుంది. మొదట్లో భయాలు, భ్రమలు, ఉన్నట్టుండి మనిషి మారిపోవడం, తర్వాత ఫిట్స్, నోరూ ముఖమూ వంకర్లు పోవడం. చూసినవాళ్ళకి అచ్చం దెయ్యం పట్టినట్టే ఉంటుంది. త్వరగా పట్టుకుంటే చాలామంది కోలుకుంటారు. అందుకే ఇలాంటి పరీక్షలు చేయకుండా నేరుగా "మనసు సమస్య" అని తేల్చే డాక్టర్‌ని కూడా నమ్మొద్దు.

ఇక అసలు నేను ఐదు నక్షత్రాలు ఇచ్చేది ఆ విభాగంలోని సైకాలజిస్టుకి. నలభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. మొదటి సెషన్‌లో ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "అది ఏమంటుంది?"

అప్పటిదాకా ఎవరూ అది అడగలేదు. దెయ్యాన్ని వదిలిస్తానన్న ఆయన "ఎవరు నువ్వు" అని అడిగాడు. ఓపీ డాక్టర్ "ఎన్నిసార్లు వస్తుంది" అని అడిగారు. ఏమంటుందో ఎవరికీ అవసరం లేకపోయింది. ఆవిడ నోట్‌బుక్ తీసి, అక్కని బయటి నుంచి పిలిచి, ఒక్కొక్క మాటా అడిగి రాసుకున్నారు. "నీళ్ళు ఇవ్వండి" అంటుందా, "నీళ్ళివ్వరా" అంటుందా? "మీరు" అంటుందా, "నువ్వు" అంటుందా? అక్క ఆలోచించి, "నీళ్ళివ్వరా మీరు? అంటుంది. ప్రతిసారీ అదే" అంది.

మూడో సెషన్‌లో తమ్ముడి ఫోన్‌లో ఉన్న రికార్డింగ్ వింటారా అని అడిగారు. ఒద్దంటే ఒద్దు, తొందరేం లేదన్నారు. విన్నాను. పదకొండు సెకన్లు విని ఆపేయమన్నాను. అది అమ్మ గొంతే. కాదు, నేను చేసిన అమ్మ గొంతు.

ఆ రోజు ఆవిడ ఒక పాత కేసు గురించి చెప్పారు. 1890 ప్రాంతంలో పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆస్పత్రికి ముప్ఫై మూడేళ్ళ మనిషిని తీసుకొచ్చారు. దెయ్యం తన లోపల ఉందనీ, తన నోటితో మాట్లాడుతోందనీ అరుస్తుండేవాడు. అతనికి అషీల్ అని మారుపేరు పెట్టి ఆ కథ రాసింది పియేర్ జానే అనే డాక్టర్. జానే దెయ్యం లేదని వాదించలేదు, బెదిరించలేదు. అతని చేతికి పెన్సిల్ ఇచ్చి, వెనకాల నిలబడి దెయ్యాన్నే ప్రశ్నలు అడిగాడు. చెయ్యి జవాబులు రాసింది. "నీకంత శక్తి ఉంటే ఇతని ఎడమ చెయ్యి పైకెత్తు" అన్నాడు, చెయ్యి లేచింది. "ఇతన్ని నిద్రపుచ్చు" అన్నాడు. అషీల్ కుర్చీలోనే హిప్నాటిజం నిద్రలోకి వెళ్ళిపోయాడు. అప్పుడు అసలు విషయం బయటికొచ్చింది. పని మీద వేరే ఊరు వెళ్ళినప్పుడు అతను భార్యకి ద్రోహం చేశాడు, ఎవరికీ చెప్పుకోలేక ముందు మాట పడిపోయింది, తర్వాత దెయ్యం వచ్చింది. జానే ఆ నిద్రలోనే భార్య వచ్చి క్షమించినట్టు అతనికి చూపించాడు. అషీల్ కోలుకున్నాడు.

మనసు మోయలేని ఒక జ్ఞాపకం మిగతా మనసు నుంచి విడిపోయి, తనంతట తాను బతకడం మొదలుపెడుతుందని జానే సిద్ధాంతం. దాన్నే ఇప్పుడు డిసోసియేషన్ అంటున్నారు. మనందరికీ ఇది కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటుందట. బండి నడుపుతూ ఇల్లు చేరాక దారంతా గుర్తులేకపోవడం లాంటిది. నా విషయంలో ఆ విడిపోయిన ముక్కకి గొంతు కూడా వచ్చింది.

మరి దెయ్యం వదిలించే ఆయన చల్లిన నీళ్ళకి నాకు ఒళ్ళు ఎందుకు మండింది? ఇది నన్ను చాలాకాలం పీడించింది. నిజంగా కాలినట్టు అరిచాను. ఆవిడ 1590ల చివర్లో ఫ్రాన్స్‌లో జరిగిన సంగతి చెప్పారు. మార్త్ బ్రోసియే అనే అమ్మాయికి దెయ్యం పట్టిందని ఊరూరా తిప్పారు. ఒక బిషప్ ఆమెకి పవిత్ర జలం అని చెప్పి మామూలు నీళ్ళు ఇస్తే గిలగిల కొట్టుకుంది. మామూలు నీళ్ళని చెప్పి పవిత్ర జలం ఇస్తే ఏమీ కాలేదు. మంత్రం చదువుతున్నట్టు లాటిన్ కావ్యంలోని వాక్యం చదివినా పడి కొట్టుకుంది. తర్వాత పరీక్షించిన డాక్టర్ మారెస్కో తేల్చిన మాట: దెయ్యం వల్ల ఏమీ లేదు, చాలావరకు నటన, కొంచెం జబ్బు.

మొదటి మాట ఒప్పుకుంటాను. రెండోది ఒప్పుకోను. ఆ అమ్మాయి సంగతి నాకు తెలియదు గానీ, నేను నటించలేదు. ఇంటికొచ్చి తమ్ముణ్ణి అడిగితే, రెండోసారి ఆయన చల్లిన నీళ్ళు అక్కడి పంపు కింద తనే పట్టి తెచ్చానని చెప్పాడు. కాలుతుందని ఒళ్ళంతా ఎదురుచూస్తే కాలుతుంది. ఆ మంట అబద్ధం కాదు, నీళ్ళలో మాత్రం ఏమీ లేదు.

ఆ పదకొండు రోజుల ఉపశమనానికీ ఇదే జవాబు. 1770లలో గాస్నర్ అనే ప్రీస్టు వేలమందికి దెయ్యాలు వదిలించేవాడు. ప్రీస్టు చెప్పగానే రోగికి మూర్ఛ వచ్చేది, చెప్పగానే పోయేది. 1775లో మెస్మర్ అనే డాక్టర్ దెయ్యాల ప్రసక్తే లేకుండా అవే మూర్ఛలు రప్పించి, పోగొట్టి చూపించాడు. ఆయన దానికి చెప్పిన కారణం, అదే ఒంట్లో అయస్కాంతం లాంటి శక్తి ఉంటుందన్నది, తప్పని తర్వాత తేలింది. కానీ నమ్మకంతో వచ్చేది నమ్మకంతో పోతుందన్నది మాత్రం నిలిచింది. ఇబ్బంది ఏంటంటే, అలా పోయింది అదే దారిన తిరిగొస్తుంది. దెయ్యం ఉందనే నమ్మకాన్ని ఆ తంతు ఇంకా గట్టిచేసి పంపిస్తుంది.

ఏడో సెషన్.

దీన్ని ఎక్కువ రాయలేను. ఐసీయూలో చివరి రాత్రి నేనే ఉన్నాను. గొంతులోంచి ట్యూబ్ తీశాక అమ్మ నీళ్ళడిగింది. మింగితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఇవ్వొద్దని నర్సు చెప్పింది. "పొద్దున ఇస్తానమ్మా" అన్నాను. అమ్మ నావైపు కాకుండా పైకి చూస్తూ, "నీళ్ళివ్వరా మీరు?" అంది. నువ్వు అనలేదు, మీరు అంది. నన్ను ఆస్పత్రివాళ్ళలో ఒకదాన్ననుకుంది. తెల్లవారకముందే పోయింది. తర్వాత అక్క అడిగింది, చివర్లో ఏమన్నా అడిగిందా అని. లేదు, నిద్రలోనే పోయిందని చెప్పాను.

ఆ "మీరు" అన్న మాటని మొదటి రోజే నోట్‌బుక్‌లో కింద గీత గీసి రాసిపెట్టుకున్నది ఆ సైకాలజిస్టు. ఏడు వారాలు నన్ను తొందరపెట్టలేదు.

అషీల్‌కి చేసినట్టు హిప్నాటిజం మనకి అక్కర్లేదన్నారు, అక్కని పిలుద్దామా అన్నారు. ఎనిమిదో సెషన్‌కి అక్క వచ్చింది. నేను చెప్పడం పూర్తికాకుండానే అక్క నా చెయ్యి పట్టుకుని, "మధ్యాహ్నం నన్నూ అడిగిందే. నేనూ ఇవ్వలేదు" అంది. ఇద్దరం ఒకరికొకరం అదే దాచుకున్నాం. ఆ తర్వాత ఒక్కసారి వచ్చింది, తొమ్మిది వారాల క్రితం, ఐదు నిమిషాల లోపు. అరచేతులు ఇంకా అప్పుడప్పుడు చల్లబడతాయి. అప్పుడు పాదాలు నేలకి గట్టిగా ఆనించి, ఎదురుగా కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పుకోమన్నారు. చేస్తున్నాను, పని చేస్తోంది.

ఇంట్లో పెద్దవాళ్ళకి ఇంకా అనుమానం ఉన్నప్పుడు సీనియర్ డాక్టర్ ఒక సెషన్ మొత్తం వాళ్ళతో మాట్లాడారు. జర్మనీలో అనెలీజ్ మిషెల్ అనే అమ్మాయి గురించి చెప్పారు. మూర్ఛకి మందులు వాడుతుండేది. దెయ్యాలు పట్టాయని 1975 నుంచి పది నెలల్లో అరవై ఏడుసార్లు భూతోచ్చాటన చేశారు. తిండి, నీళ్ళు మానేసింది. 1976 జూలై 1న ఇరవై మూడేళ్ళకే చనిపోయింది. అప్పటికి బరువు దాదాపు ముప్ఫై కిలోలు. 1978లో కోర్టు తల్లిదండ్రుల్నీ ఇద్దరు ప్రీస్టుల్నీ నిర్లక్ష్యంతో చావుకి కారణమైనందుకు దోషులుగా తేల్చింది. 1999లో కాథలిక్ చర్చి దెయ్యాలు వదిలించే తన పద్ధతిని సవరించింది. మామూలు జబ్బుని దెయ్యమని పొరబడకూడదనీ, అవసరమైతే డాక్టర్లని సంప్రదించాలనీ అందులో ఉంది. మా పెద్దవాళ్ళ మీద సిద్ధాంతాల కంటే ఇదే ఎక్కువ పని చేసింది. ఆ నీళ్ళు మానేసిందన్న చోట తమ్ముడు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ డాక్టర్ ఎవరి నమ్మకాన్నీ కించపరచలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా కొత్త కూర్పులో పొసెషన్ ట్రాన్స్ డిజార్డర్ అని, అంటే ఆత్మ పూనినట్టు ఉండే జబ్బు అని, విడిగా ఉందట. కానీ భక్తిలో, ఆచారంలో భాగంగా మనిషి ఇష్టంతో వచ్చే పూనకం అందులోకి రాదు. ఇష్టం లేకుండా వచ్చి, బాధపెట్టి, బతుకుని అడ్డుకుంటేనే జబ్బు. ఎరికా బూర్గినియాన్ అనే ఆంత్రోపాలజిస్టు, అంటే మనుషుల సమాజాల్ని అధ్యయనం చేసే ఆవిడ, 488 సమాజాలని పరిశీలిస్తే 74 శాతంలో ఆత్మ పూనుతుందనే నమ్మకం కనిపించిందట. అంటే నమ్మినంత మాత్రాన పిచ్చి కాదు. మా పెద్దవాళ్ళకి ఈ మాట చాలా ఊరటనిచ్చింది.

మనోవిశ్లేషణ మొదలుపెట్టిన డాక్టర్ ఫ్రాయిడ్ గురించి కూడా అడిగాను. దెయ్యంతో ఒప్పందం చేసుకున్నానని 1677లో చెప్పిన హైట్స్‌మాన్ అనే చిత్రకారుడి కాగితాలు చదివి, ఆ దెయ్యం చనిపోయిన తండ్రికి మారురూపం అని 1923లో రాశారు. 1956లో ఇద్దరు సైకియాట్రిస్టులు అవే కాగితాలు చూసి, కాదు స్కిజోఫ్రీనియా అన్నారు. మనిషి ఎదురుగా లేకుండా వందల ఏళ్ళ తర్వాత కాగితాల మీద పేరు పెట్టడం నాకు నచ్చలేదు. ఎవరూ అతన్ని "అది ఏమంటుంది?" అని అడగలేరు కదా.

ఇక లోపాలు. సెషన్ టైమ్ పదకొండు అంటే పన్నెండున్నర అవుతుంది. మూడుసార్లు చివరి నిమిషంలో వాయిదా వేశారు. మన పరిస్థితిలో ఒక వారం అంటే చాలా ఎక్కువ. కౌన్సెలింగ్ గది తలుపు పలచన, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి ఏడుపు వినిపిస్తుంది. డిశ్చార్జ్ కాగితంలో ఎవరో జూనియర్ "హిస్టీరియా" అని రాశారు. ఆ పదం గర్భసంచి అనే గ్రీకు మాట నుంచి వచ్చింది, ఆడవాళ్ళని తక్కువ చేయడానికి ఎన్నేళ్ళు వాడారో అందరికీ తెలుసు. మార్చమని అడిగితే మొదట విసుక్కున్నారు, సీనియర్ డాక్టర్ చెప్పాక మార్చారు. మీరు కూడా కాగితం చదివి చూసుకోండి. నవ్విన ఓపీ డాక్టర్ గురించి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను, జవాబు ఇంకా రాలేదు.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. వచ్చినప్పుడు వీడియో తీసి ఉంచండి, డాక్టర్‌కి అదే పెద్ద సాయం. అది అనే మాటలు ఉన్నవి ఉన్నట్టు, ఒక్క అక్షరం మార్చకుండా కాగితం మీద రాయండి. చేతులు మాత్రం కట్టొద్దు. నీళ్ళడిగితే ఇవ్వండి.

పదిహేనో సెషన్ వచ్చే మంగళవారం, ఇకపై నెలకొకసారి వస్తే చాలన్నారు. ఆ రికార్డింగ్ తీసేయమంటారేమో అనుకున్నా గానీ, అది మీ ఇష్టం అన్నారు. తీసేయలేదు. నిన్న అక్క అడిగితే పంపాను.